లువా నుంచి సీ గ్రాఫిక్స్ లైబ్రరీలకు బైండింగ్: వేగం పోకుండా ఎలా రాయాలి

లువా అనే స్క్రిప్టు భాష నుంచి ఎస్‌డీఎల్, ఓపెన్‌జీఎల్ లాంటి గ్రాఫిక్స్ లైబ్రరీలను పిలిచి తెర మీద బొమ్మ తెప్పించడం పెద్ద పనేమీ కాదు. ఆ పిలుపులను అటూ ఇటూ అందించే మధ్య కోడ్‌నే బైండింగ్ అంటారు. వంద బొమ్మలు కదులుతున్నంతసేపు అంతా సాఫీగానే ఉంటుంది. పదివేలు చేసేసరికి ఫ్రేమ్‌రేటు కుప్పకూలుతుంది. చిత్రమేమిటంటే, అప్పుడు చూస్తే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) దాదాపు ఖాళీగా ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.6 మిల్లీసెకన్లు. అందులో ఎక్కువ భాగం స్క్రిప్టుకూ సీకీ మధ్య రాకపోకలకే ఖర్చయిపోతోందన్నమాట.

ఒక్కో కాల్‌లో ఏం జరుగుతుందో చూడండి. ఆర్గ్యుమెంట్లు లువా స్టాక్ (లువా, సీ విలువలు ఇచ్చిపుచ్చుకునే చోటు) మీదికి ఎక్కాలి. సీ ఫంక్షన్ వాటి టైపు సరిచూడాలి, డబుల్‌ను ఫ్లోట్‌గానో ఇంట్‌గానో మార్చాలి, అసలు లైబ్రరీని పిలవాలి, ఫలితాన్ని మళ్లీ స్టాక్ మీద పెట్టాలి. ఒక్క కాల్‌కైతే ఇది లెక్కలోకి రాదు. బొమ్మకు నాలుగు కాల్స్ చొప్పున పదివేల బొమ్మలకు ఫ్రేముకు 40,000 కాల్స్, సెకనుకు 24 లక్షలు. ఒక్కో కాల్‌లో నాలుగు నానోసెకన్లు మిగిల్చామని సంబరపడితే అది కొండను తవ్వి ఎలుకను పట్టడమే. ఆ 40,000ను ఒకటికో రెండుకో తేవాలి. కింద చెప్పేదంతా దాని చుట్టూ తిరుగుతుంది.

ఉదాహరణలకు లువా 5.4, లువాజిట్ 2.1 (స్క్రిప్టును నడుస్తుండగానే మెషీన్ కోడ్‌గా మార్చే లువా రూపం), ఎస్‌డీఎల్2 తీసుకున్నాం. ఫంక్షన్ల పేర్లు పలికే తీరులో రాశాం, టైపు చేసేటప్పుడు స్పెల్లింగ్ హెడర్ ఫైలులో చూసుకోండి.

1. ముందు ఫంక్షన్లను మూడు కుప్పలు చేయండి

కోడ్ రాయకముందే లైబ్రరీ హెడర్ తెరిచి, మీకు కావలసిన ఫంక్షన్లను అవి ఎన్నిసార్లు పిలవబడతాయన్న లెక్కన విడదీయండి. ప్రోగ్రాం మొత్తంలో ఒకటి రెండు సార్లు వచ్చేవి మొదటి కుప్ప: ప్రారంభించడం, విండో తెరవడం, టెక్స్చర్ (గీయడానికి వాడే చిత్రం) లోడ్ చేయడం, షేడర్ (జీపీయూ మీద నడిచే ప్రోగ్రాం) కంపైల్ చేయడం. ఫ్రేముకు కొన్నిసార్లు వచ్చేవి రెండోది: తెర తుడవడం, ఈవెంట్లు అడగడం, ఫ్రేమ్ చూపించడం. ప్రతి వస్తువుకూ ప్రతి ఫ్రేములోనూ వచ్చేవి మూడోది.

మొదటి రెండు కుప్పలను ఎలా బైండ్ చేసినా పర్వాలేదు, సౌకర్యం చూసుకోండి. అక్కడ టేబుల్ రూపంలో ఆప్షన్లు తీసుకున్నా, స్ట్రింగులు పోల్చినా ఏమీ కాదు. మూడో కుప్పను మాత్రం ఉన్నదున్నట్టు బైండ్ చేయవద్దు. దాని బదులు ‘ఇన్ని వస్తువులు, ఇదిగో డేటా, గీసెయ్’ అనే కొత్త ఫంక్షన్ ఒకటి మీరే రాయాలి. స్విగ్ లాంటి బైండింగ్ జనరేటర్లు హెడర్‌లోని ప్రతి ఫంక్షన్‌కూ ఒక జత తయారుచేసి ఇస్తాయి. మొదటి కుప్పకు అవి హాయి. మూడో కుప్పకు అవి ఇచ్చేది సరిగ్గా మనం తప్పించుకోవాలనుకుంటున్నదే.

2. సీ ఏపీఐనా, ఎఫ్‌ఎఫ్‌ఐనా?

మామూలు లువాతో పనిచేయాలంటే దాని సీ ఏపీఐ వాడి సీలో మాడ్యూల్ రాయక తప్పదు. లువాజిట్ అయితే ఎఫ్‌ఎఫ్‌ఐ ఉంది: సీ డిక్లరేషన్లను స్క్రిప్టులోనే ఇచ్చి ఫంక్షన్లను నేరుగా పిలవవచ్చు, జిట్ కంపైలర్ ఆ కాల్‌ను మెషీన్ కోడ్‌లోకే దించేస్తుంది. డెస్క్‌టాప్ మీద ఇంతకంటే వేగమైన దారి లేదు.

అయితే ఆ వేగమంతా జిట్ పనిచేస్తున్నప్పుడే. ఐఓఎస్‌లో మామూలు యాప్‌లకు జిట్ అనుమతి లేదు. అక్కడ లువాజిట్ ఇంటర్‌ప్రెటర్‌గానే నడుస్తుంది, ఇంటర్‌ప్రెటర్‌లో ఎఫ్‌ఎఫ్‌ఐ కాల్ మామూలు సీ ఏపీఐ కాల్ కంటే నెమ్మది. అలాంటి చోట్లకూ మీ ప్రోగ్రాం వెళ్లాల్సి ఉంటే సీ మాడ్యూలే రాయండి, రెండు బైండింగ్‌లు మోయడం ఎవరికీ మంచిది కాదు. ఇంకో పరిమితి: లువాజిట్ భాష లువా 5.1కు కట్టుబడి ఉంటుంది, 5.3లో వచ్చిన 64 బిట్ల ఇంటీజర్ టైపు అందులో లేదు.

3. సీ మాడ్యూల్ అస్థిపంజరం

ఫైలు పేరు ‘జీఎఫ్‌ఎక్స్’ అయితే, బయటికి కనిపించాల్సిన ఫంక్షన్ పేరు ‘లువాఓపెన్_జీఎఫ్‌ఎక్స్’. ఒక్క అక్షరం తేడా వచ్చినా ‘రిక్వైర్’ సింబల్ దొరకలేదంటుంది. సీ++లో రాస్తే ‘ఎక్స్‌టర్న్ సీ’ పెట్టడం మరవకండి, లేకపోతే కంపైలర్ పేరు మార్చేసి అదే ఎర్రర్ వస్తుంది. లినక్స్‌లో జీసీసీకి షేర్డ్, ఎఫ్‌పిక్, ఓ2 ఆప్షన్లు చాలు.

లింకింగ్‌లో ఒక ఉచ్చు ఉంది. లినక్స్‌లో మాడ్యూల్‌లోకి లువా స్టాటిక్ లైబ్రరీని కలపకూడదు. కలిపితే ఒకే ప్రాసెస్‌లో లువా కోర్ రెండు కాపీలు చేరతాయి. 5.3లో దీన్ని పట్టుకునే తనిఖీ ఉంది, ఒకటికి మించిన లువా వీఎంలు కనిపించాయని చెప్పి ఆపేస్తుంది. తనిఖీ లేని చోట అర్థంకాని క్రాష్‌లు వస్తాయి. మాడ్యూల్‌కు లువా సింబల్స్ హోస్ట్ ప్రోగ్రాం నుంచే అందాలి. మ్యాక్‌ఓఎస్‌లో ఇందుకు ‘అన్‌డిఫైన్డ్ డైనమిక్_లుక్అప్’ ఆప్షన్ ఇవ్వాలి, విండోస్‌లో హోస్ట్ వాడుతున్న అదే లువా డీఎల్‌ఎల్‌కు లింక్ చేయాలి.

టెక్స్చర్, రెండరర్ లాంటివాటిని లువాకు ఇచ్చేటప్పుడు ఫుల్ యూజర్‌డేటా (లువా తన మెమరీలో ఉంచి చూసుకునే సీ డేటా) వాడండి. లైట్ యూజర్‌డేటా ఉత్త పాయింటర్. లైట్ యూజర్‌డేటాలన్నింటికీ కలిపి ఒకే మెటాటేబుల్ (వస్తువు ఎలా ప్రవర్తించాలో చెప్పే టేబుల్) ఉంటుంది, ఫైనలైజర్ (వస్తువు పోయేటప్పుడు నడిచే ఫంక్షన్) పనిచేయదు, టెక్స్చర్ ఇవ్వాల్సిన చోట విండో ఇచ్చినా పట్టుకోలేరు.

వరుస కూడా ముఖ్యం. ముందు ‘లువా_న్యూయూజర్‌డేటాయూవీ’తో చోటు తీసుకుని, లోపలి పాయింటర్‌ను నల్ చేసి, మెటాటేబుల్ తగిలించి, ఆ తర్వాతే ఎస్‌డీఎల్‌తో టెక్స్చర్ చేయించండి. తిరగేసి చేస్తే, టెక్స్చర్ తయారయ్యాక లువాకు మెమరీ దొరక్కపోతే ఎర్రర్ ఎగిరిపోతుంది, ఆ టెక్స్చర్‌కు నాథుడు లేకుండా పోతాడు.

లువా ఎర్రర్లు సీలో లాంగ్‌జంప్‌తో, అంటే మధ్య ఫంక్షన్లన్నీ దాటి నేరుగా వెనక్కి దూకుతూ, నడుస్తాయి. ‘లువాఎల్_ఎర్రర్’ పిలిచాక కింది లైను నడవదు: మాలక్ చేసిన బఫర్ ఫ్రీ కాదు, లాక్ చేసిన టెక్స్చర్ అన్‌లాక్ కాదు. ‘లువాఎల్_చెక్‌నంబర్’ లాంటి తనిఖీ ఫంక్షన్లు కూడా ఇలాగే ఎగిరిపోతాయి. అందుకే ప్రతి ఫంక్షన్‌లో ఆర్గ్యుమెంట్లన్నీ మొదట తనిఖీ చేసి, ఆ తర్వాతే వనరులు తీసుకోవాలి. మధ్యలో తాత్కాలిక బఫర్ కావాలంటే మాలక్ బదులు యూజర్‌డేటాగా తీసుకోండి, దాని సంగతి గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది.

5.3 నుంచి ఒక మార్పు చాలామందిని తికమక పెడుతుంది. బొమ్మ స్థానం 10.5 ఉన్నప్పుడు దాన్ని ‘లువాఎల్_చెక్‌ఇంటీజర్’తో తీసుకుంటే, ఆ సంఖ్యకు ఇంటీజర్ రూపం లేదంటూ ఎర్రర్ వస్తుంది. 5.1లో నోరెత్తకుండా భిన్నాన్ని కత్తిరించేది. స్థానాలను ఎప్పుడూ నంబర్‌గానే తీసుకుని, అవసరమైతే సీలోనే ఫ్లోర్ చేయండి.

తరచుగా పిలిచే ఫంక్షన్లలో ‘లువాఎల్_చెక్‌యూడేటా’ ఖర్చు కూడా లెక్కకు వస్తుంది. అది ప్రతిసారీ టైపు పేరు పట్టుకుని రిజిస్ట్రీలో (సీ కోడ్ కోసం లువా ఉంచే టేబుల్) వెతికి, దొరికిన మెటాటేబుల్‌ను వస్తువు మెటాటేబుల్‌తో పోలుస్తుంది. ‘లువాఎల్_సెట్‌ఫంక్స్’ పిలిచేటప్పుడే మెటాటేబుల్‌ను అప్‌వాల్యూగా (ఫంక్షన్‌కు అతికి ఉండే విలువగా) ఇచ్చేస్తే రిజిస్ట్రీ వెతుకులాట తప్పుతుంది, ‘లువా_రాఈక్వల్’ ఒక్కటి చాలు. అలాగే బ్లెండ్ మోడ్ లాంటివి స్ట్రింగుగా తీసుకుంటే ‘లువాఎల్_చెక్‌ఆప్షన్’ జాబితా పొడవునా ఒక్కొక్కటిగా పోల్చుకుంటూ పోతుంది. ఫ్రేములో వేలసార్లు వచ్చే చోట పూర్ణాంక స్థిరాంకాలు ఇవ్వండి.

4. అసలు పని: బ్యాచ్

బ్యాచ్ అంటే చాలా బొమ్మలను ఒకే కాల్‌లో గీయించడం. ఎస్‌డీఎల్ 2.0.18లో వచ్చిన ‘ఎస్‌డీఎల్_రెండర్‌జామెట్రీ’ దీనికి సరిగ్గా సరిపోతుంది. రెండరర్, టెక్స్చర్, వెర్టెక్స్‌ల (ఆకారం మూలల) అరే, వాటి సంఖ్య, ఇండెక్స్‌ల (ఏ మూలలు కలిపి త్రిభుజం గీయాలో చెప్పే అంకెల) అరే, వాటి సంఖ్య ఇస్తే ఒక్క కాల్‌లో అన్నీ గీస్తుంది. ఎస్‌డీఎల్2లో ఒక్కో వెర్టెక్స్ 20 బైట్లు: స్థానానికి రెండు ఫ్లోట్లు, రంగుకు నాలుగు బైట్లు, టెక్స్చర్ కోఆర్డినేట్లకు రెండు ఫ్లోట్లు. ఈ కోఆర్డినేట్లు పిక్సెళ్లలో కావు, 0 నుంచి 1 మధ్య ఉండాలి. పిక్సెళ్లలో ఇచ్చి, బొమ్మ రాలేదని రెండరర్‌ను అనుమానించడం మామూలే.

పదివేల బొమ్మలకు 40,000 వెర్టెక్స్‌లు, అంటే 8,00,000 బైట్లు. ఇండెక్స్‌లు బొమ్మకు ఆరు చొప్పున 60,000. ఒక్కోటి 4 బైట్లయితే 2,40,000 బైట్లు. మొత్తం కలిపినా ఒక మెగాబైటు పైచిలుకు. దీన్ని ప్రోగ్రాం మొదట్లో ఒకేసారి తీసుకుని, చివరిదాకా అదే వాడండి. ఇండెక్స్‌ల క్రమం 0, 1, 2, 2, 3, 0. తర్వాతి బొమ్మకు అన్నింటికీ 4 కలపడమే. ఇది ఎప్పటికీ మారదు కాబట్టి మొదట్లోనే నింపేసి వదిలేయండి. ఈ ఫంక్షన్ ఇండెక్స్‌లను ఇంట్‌గానే తీసుకుంటుంది; జాగా ఆదాకు ‘ఎస్‌డీఎల్_రెండర్‌జామెట్రీరా’తో 16 బిట్ల ఇండెక్స్‌లు వాడాలనుకుంటే 65,536 వెర్టెక్స్‌ల దగ్గర, అంటే 16,384 బొమ్మల దగ్గర గోడ తగులుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ బఫర్‌ను ఎవరు నింపాలి? మామూలు లువాలో బఫర్‌ను యూజర్‌డేటాగా బయటపెట్టి, స్క్రిప్టు నుంచి ఒక్కో ఫ్లోట్ రాయించాలన్న ఆలోచన ముందు వస్తుంది. అలా చేయకండి. యూజర్‌డేటాలోకి ప్రతి రాతా ‘న్యూఇండెక్స్’ మెటామెథడ్ ద్వారా ఒక సీ కాల్ అవుతుంది. రంగును ఒకే సంఖ్యగా సర్దినా వెర్టెక్స్‌కు ఐదు రాతల చొప్పున 2,00,000 కాల్స్. తప్పించుకోవాలనుకున్న 40,000కు ఐదింతలు.

దాని బదులు ఒక సాదా లువా టేబుల్‌లో బొమ్మకు ఐదు సంఖ్యలు వరసగా పెట్టండి: అడ్డం, నిలువు, కోణం, స్కేలు, స్ప్రైట్ షీట్‌లో ఫ్రేమ్ సంఖ్య. బొమ్మకొక చిన్న టేబుల్ చేయవద్దు, మొత్తానికి ఒకటే పొడవాటి టేబుల్. స్క్రిప్టు దాన్ని ఫ్రేము ఫ్రేముకూ తిరిగి వాడుకోవాలి, కొత్తది చేయకూడదు. సీ వైపు ఒకే ఫంక్షన్ ఆ టేబుల్‌నూ బొమ్మల సంఖ్యనూ తీసుకుని, ‘లువా_రాగెట్‌ఐ’తో ఒక్కో సంఖ్యా చదువుతూ, సైన్, కొసైన్ లెక్కలు వేసి నాలుగు మూలలూ తేల్చి, బఫర్‌లో రాసి, చివర ‘రెండర్‌జామెట్రీ’ని పిలుస్తుంది. 50,000 సార్లు చదవాలి నిజమే, కానీ అదంతా సీ లూప్‌లోనే జరుగుతుంది, స్క్రిప్టు వైపు నుంచి దాటింది ఒక్కసారే.

ఆ లూప్‌లో చదివిన ప్రతి విలువనూ ‘లువా_పాప్’తో దించడం మరిస్తే మాత్రం గొడవే. సీ ఫంక్షన్‌కు లువా హామీ ఇచ్చేది 20 స్టాక్ గదులు. దాటితే ఎర్రర్ రాదు, పక్క మెమరీ పాడవుతుంది, క్రాష్ ఇంకెక్కడో జరుగుతుంది. అభివృద్ధి దశలో లువాను ‘లువా_యూజ్_ఏపీఐచెక్’ మాక్రోతో కంపైల్ చేసుకుంటే ఇలాంటివి జరిగిన చోటే బయటపడతాయి.

కదలని వాటికి ఇంత కూడా అక్కర్లేదు. నేల, గోడలు, చెట్లు లాంటి టైల్ మ్యాప్‌ను ఒకసారి సీ వైపు బ్యాచ్‌గా కట్టేసి, ప్రతి ఫ్రేములోనూ ‘ఆ బ్యాచ్ గీయి’ అని ఒక్క కాల్ చేస్తే చాలు. కెమెరా జరిగితే జరుపుడు విలువను మాత్రం పంపండి.

ఒక బ్యాచ్‌కు ఒకటే టెక్స్చర్. బొమ్మ బొమ్మకూ టెక్స్చర్ మారితే బ్యాచ్ పదివేల ముక్కలవుతుంది, చేసిన శ్రమంతా వృథా. చిన్న చిత్రాలన్నీ ఒక అట్లాస్‌లో (ఒకే పెద్ద టెక్స్చర్‌లో) పెట్టండి, అవి ఒకదాన్నొకటి అంటుకోకుండా మధ్యలో ఒకటి రెండు పిక్సెళ్ల ఖాళీ వదలండి. ఖాళీ లేకపోతే స్కేలు మారినప్పుడు పక్క బొమ్మ అంచు గీతలా కనిపిస్తుంది.

పైథాన్ వాడేవాళ్లకూ ఈ లెక్క మారదు. సీటైప్స్‌తో ఒక్కో బొమ్మకూ కాల్ చేస్తే లువా కంటే అన్యాయంగా ఉంటుంది. నంపై అరేలో వెర్టెక్స్‌లన్నీ నింపి దాని పాయింటర్ ఒక్కటే పంపాలి.

5. లువాజిట్‌లో అయితే

ఎఫ్‌ఎఫ్‌ఐలో పై గొడవ చాలావరకు లేదు. వెర్టెక్స్ అరేను ‘ఎఫ్‌ఎఫ్‌ఐ.న్యూ’తో తీసుకుని, స్క్రిప్టులోనే లూప్ తిప్పి నింపవచ్చు. జిట్ కంపైల్ అయ్యాక ఆ రాతలు నేరుగా మెమరీ రాతలవుతాయి, మధ్యలో కాల్ ఉండదు. అరే సూచిక మాత్రం సీలోలాగే 0 నుంచి మొదలవుతుంది. హద్దుల తనిఖీ అసలుండదు. 40,000 గదుల అరేలో 40,000వ సూచికకు రాస్తే ఎవరూ ఆపరు.

డిక్లరేషన్లు తెచ్చుకోవడానికి హెడర్‌ను జీసీసీ ప్రీప్రాసెసర్ గుండా పంపి, మీకు కావలసిన స్ట్రక్చర్లూ ఫంక్షన్లూ ఏరుకోండి. ‘ఎఫ్‌ఎఫ్‌ఐ.సీడెఫ్’కు ప్రీప్రాసెసర్ లేదు కాబట్టి మాక్రోలు పనిచేయవు. స్థిరాంకాలను ఈనమ్‌గానో ‘స్టాటిక్ కాన్స్ట్ ఇంట్’గానో మార్చి రాయాలి. ఫంక్షన్‌లా కనిపించే మాక్రోలు ఇంకా ఇబ్బంది. ఎస్‌డీఎల్2లో ‘ఎస్‌డీఎల్_బ్లిట్‌సర్ఫేస్’ నిజానికి ‘ఎస్‌డీఎల్_అప్పర్‌బ్లిట్’కు మారుపేరు, ‘ఎస్‌డీఎల్_లోడ్‌బీఎంపీ’ కూడా ఒక మాక్రోనే, లోపల ‘లోడ్‌బీఎంపీ_ఆర్‌డబ్ల్యూ’ను పిలుస్తుంది. లైబ్రరీలో సింబల్ లేదని ఎర్రర్ వచ్చినప్పుడు ముందుగా హెడర్‌లో ఆ పేరు డిఫైన్ అయి ఉందేమో చూడండి. పైగా సింబల్‌ను వెతికేది లైబ్రరీ తెరిచినప్పుడు కాదు, ఆ పేరును మొదటిసారి వాడినప్పుడు. ఆట మధ్యలో ఎర్రర్ రాకుండా, కావలసిన పేర్లన్నీ ప్రోగ్రాం మొదట్లోనే ఒకసారి తాకి చూడండి.

డిక్లరేషన్ తప్పయితే ఎర్రర్ రాదు, చెత్త వస్తుంది. ఎస్‌డీఎల్3లో వెర్టెక్స్ రంగు నాలుగు ఫ్లోట్లయింది, దాంతో సైజు 32 బైట్లకు పెరిగింది. పాత డిక్లరేషన్‌తో కొత్త లైబ్రరీని పిలిస్తే తెర నిండా చీలికలు పేలికలే. 64 బిట్ల యంత్రం మీద ఎస్‌డీఎల్2 ఈవెంట్ 56 బైట్లు, ఎస్‌డీఎల్3లో 128. మీరు చిన్న సైజు ఇచ్చి అది పెద్దది రాస్తే పక్క మెమరీ పోతుంది. అసలు హెడర్‌ను చేర్చుకుని ప్రతి స్ట్రక్చర్ సైజునూ ఫీల్డుల ఆఫ్‌సెట్‌లనూ అచ్చువేసే పది లైన్ల సీ ప్రోగ్రాం రాసుకుని, ఆ అంకెలను ‘ఎఫ్‌ఎఫ్‌ఐ.సైజాఫ్’, ‘ఎఫ్‌ఎఫ్‌ఐ.ఆఫ్‌సెటాఫ్’ చెప్పేవాటితో అసర్ట్ పెట్టి సరిచూడండి.

లైబ్రరీ తెరిచేటప్పుడు మరో చిక్కు. లినక్స్‌లో వర్షన్ అంకె లేని ‘.ఎస్‌ఓ’ ఫైలు సాధారణంగా డెవలప్‌మెంట్ ప్యాకేజీతోనే వస్తుంది. మీ దగ్గర పనిచేసిన ‘ఎఫ్‌ఎఫ్‌ఐ.లోడ్’ వాడకందారు దగ్గర విఫలమవుతుంది, కాబట్టి వర్షన్‌తో సహా పూర్తి పేరు కూడా ప్రయత్నించేలా రాయండి. తిరిగొచ్చిన లైబ్రరీ వస్తువును మాడ్యూల్ స్థాయి లోకల్‌లో ఉంచండి. దాన్ని గార్బేజ్ కలెక్టర్ తీసుకుపోతే లైబ్రరీ కూడా అన్‌లోడ్ అవుతుంది.

మామూలు లువాలో అలవాటైన ఒక చిట్కా ఇక్కడ ఎదురు తిరుగుతుంది. అక్కడ టేబుల్‌లోని ఫంక్షన్‌ను లోకల్‌లోకి తీసుకుంటే వెతుకులాట తగ్గుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఐలో లైబ్రరీ వస్తువును లోకల్‌లో పెట్టుకోవాలి కానీ, అందులోని సీ ఫంక్షన్‌ను విడిగా లోకల్‌లోకి తీయకూడదు. తీస్తే నేరుగా చిరునామాకు వెళ్లే కాల్ కాస్తా పాయింటర్ ద్వారా వెళ్లే కాల్ అవుతుంది, మెషీన్ కోడ్ పెరుగుతుంది, వేగం తగ్గుతుంది.

స్ట్రక్చర్‌ను విలువగా తీసుకునే, తిరిగిచ్చే ఫంక్షన్లను లువాజిట్ కంపైల్ చేయలేదు. పిలుస్తుంది, కానీ ఇంటర్‌ప్రెటర్‌లోకి దిగిపోయి పిలుస్తుంది. రేలిబ్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీ మీద లువాజిట్ నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదుల వెనక తరచు ఉండేది ఇదే: అక్కడ రంగు, వెక్టర్, దీర్ఘచతురస్రం, టెక్స్చర్ అన్నీ విలువలుగానే వెళ్తాయి. ‘-జేవీ’ ఆప్షన్‌తో నడిపితే ‘ఎన్‌వైఐ: అన్‌సపోర్టెడ్ సీ ఫంక్షన్ టైప్’ అని ట్రేస్ (జిట్ కంపైల్ చేస్తున్న కోడ్ వరస) ఆగిపోయిన చోటు కనిపిస్తుంది. మందు: పాయింటరూ సంఖ్యా తీసుకుని, లోపల లూప్ తిప్పి రేలిబ్ ఫంక్షన్‌ను పిలిచే ఇరవై లైన్ల సీ ఫంక్షన్. ఎఫ్‌ఎఫ్‌ఐ ఉంది కదా అని సీ అసలే రాయకూడదన్న పట్టుదల ఎందుకు?

ఫ్రేము లూప్‌లో ‘ఎఫ్‌ఎఫ్‌ఐ.న్యూ’ కనిపిస్తే బయటికి లాగేయండి. స్క్రిప్టులోపలే వాడే చిన్న వస్తువులను జిట్ తీసివేయగలదు కానీ, పాయింటర్ సీ ఫంక్షన్‌కు వెళ్తే ఆ వస్తువు నిజంగా తయారుకావాల్సిందే. ఈవెంట్, దీర్ఘచతురస్రం, మ్యాట్రిక్స్ లాంటివి తలా ఒకటి మొదట్లో చేసుకుని తిరగవాడండి.

ఓపెన్‌జీఎల్‌కు అదనంగా ఒక మాట: విండోస్ ఓపెన్‌జీఎల్ డీఎల్‌ఎల్ బయటపెట్టేది 1.1 వరకే. మిగతా ఫంక్షన్లకు కాంటెక్స్ట్ తయారయ్యాక ‘ఎస్‌డీఎల్_జీఎల్_గెట్‌ప్రాక్‌అడ్రస్’ను అడిగి, వచ్చిన పాయింటర్‌ను సరైన ఫంక్షన్ టైపుకు కాస్ట్ చేసుకోవాలి. ఇక్కడ పాయింటర్ ద్వారా కాల్ తప్పదు, బ్యాచ్ చేశాక అది సమస్యా కాదు.

6. ఎవరి మెమరీ ఎవరిది

బైండింగ్‌లలో క్రాష్‌లు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. గార్బేజ్ కలెక్టర్‌కు కనిపించేది లువా వైపు ఉన్న కొద్ది బైట్లే. 2048×2048 టెక్స్చర్ జీపీయూలో 16 మెగాబైట్లు తింటుంది. లువాకు అది ఒక పాయింటర్ పట్టే యూజర్‌డేటా. అలాంటివి వంద వదిలేసినా కలెక్టర్‌కు తొందరేమీ పుట్టదు, ఈలోగా వీడియో మెమరీ నిండిపోతుంది. కాబట్టి ఫైనలైజర్‌ను చివరి వలగా మాత్రమే ఉంచి, ‘విడుదల’ మెథడ్ ఒకటి స్పష్టంగా ఇవ్వండి. 5.4లో ‘క్లోజ్’ మెటామెథడ్ కూడా జోడించవచ్చు. విడుదల చేశాక లోపలి పాయింటర్‌ను నల్ చేయాలి. ఫైనలైజర్ మళ్లీ వచ్చినప్పుడు నల్ చూసి వెనక్కి పోవాలి.

ఎస్‌డీఎల్2లో రెండరర్‌ను నాశనం చేస్తే దాని టెక్స్చర్లన్నీ దాంతోపాటే పోతాయి. రెండరర్‌ను పట్టుకున్న లువా వేరియబుల్ పోయి టెక్స్చర్ ఇంకా బతికి ఉంటే, ఆ టెక్స్చర్ ఇప్పుడు చచ్చిన పాయింటర్. ప్రతి టెక్స్చర్ తన రెండరర్‌ను గట్టిగా పట్టుకుని ఉండాలి: 5.4లో ‘లువా_సెట్‌ఐయూజర్‌వాల్యూ’తో, ఎఫ్‌ఎఫ్‌ఐలో వీక్ కీలున్న టేబుల్‌లో టెక్స్చర్ కీగా, రెండరర్ విలువగా. ఎఫ్‌ఎఫ్‌ఐలో ఫైనలైజర్లు ఏ వరసలో నడుస్తాయన్న హామీ లేదు, అందుకే ప్రోగ్రాం ముగింపులో అన్నీ మీరే వరసగా విడుదల చేయడం క్షేమం.

సీ స్ట్రక్చర్‌లో పెట్టిన పాయింటర్‌ను కలెక్టర్ రెఫరెన్స్‌గా చూడదు. షేడర్ మూలాన్ని ‘కాన్స్ట్ చార్ స్టార్’ అరేలో పెట్టి ‘జీఎల్‌షేడర్‌సోర్స్’కు ఇచ్చేటప్పుడు, ఆ లువా స్ట్రింగును కాల్ ముగిసేదాకా ఒక లోకల్‌లో పట్టుకుని ఉంచండి. పట్టుకోకపోతే వందసార్లు పనిచేసి నూటొకటోసారి షేడర్ కంపైల్ ఎర్రర్ వస్తుంది.

టెక్స్చర్‌ను లాక్ చేసి పిక్సెళ్లు రాసేటప్పుడు వరసల మధ్య దూరం వెడల్పు ఇంటూ 4 అని ఊహించకండి, లైబ్రరీ ఇచ్చిన పిచ్‌నే వాడండి. లాక్ చేసినప్పుడు దొరికే మెమరీలో పాత చిత్రం ఉంటుందన్న హామీ కూడా లేదు.

7. కాల్‌బ్యాక్‌లను క్యూగా మార్చండి

కాల్‌బ్యాక్, అంటే సీ నుంచి లువాలోకి తిరిగి పిలవడం, రెండు వైపులా ఖరీదే. విండో, ఇన్‌పుట్ లైబ్రరీ అయిన జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ కీబోర్డు కాల్‌బ్యాక్‌లో లువా ఫంక్షన్ ఎర్రర్ ఇస్తే, లాంగ్‌జంప్ ఆ లైబ్రరీ ఫ్రేములను దాటుకుంటూ ఎగిరిపోతుంది. లైబ్రరీ లోపలి స్థితి సగంలో ఆగిపోతుంది. లువాజిట్‌లో ఇంకో వింత: జిట్ కంపైల్ అయిన కోడ్ నుంచి పిలిచిన సీ ఫంక్షన్ తిరిగి లువాను పిలిస్తే ‘బ్యాడ్ కాల్‌బ్యాక్’ అంటూ ప్రోగ్రాం ఆగిపోతుంది. పిలిచే ఫంక్షన్‌కు ‘జిట్.ఆఫ్’ పెట్టాలి.

అంతకంటే నయం, సీలో చిన్న రింగ్ బఫర్ పెట్టడం. ఈవెంట్‌కు 16 బైట్ల చొప్పున 256 గదులు 4 కిలోబైట్లు. కాల్‌బ్యాక్ అందులో రాసి వచ్చేస్తుంది, స్క్రిప్టు ఫ్రేముకొకసారి ఖాళీ చేసుకుంటుంది. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ ఇన్‌పుట్ కాల్‌బ్యాక్‌లు ఈవెంట్లు పోల్ చేస్తున్న సమయంలోనే వస్తాయి కాబట్టి లాక్ అవసరం లేదు. లువాను పిలవక తప్పని చోట ‘లువా_పీకాల్’లో చుట్టి, ఎర్రర్‌ను దాచుకుని, లైబ్రరీ నుంచి బయటికొచ్చాక లేపండి. పిలిచేది ప్రధాన స్టేట్ మీదే ఉండాలి. కాల్‌బ్యాక్‌ను రిజిస్టర్ చేసిన కోరొటీన్ ఈపాటికి పోయి ఉండవచ్చు. ఆడియో కాల్‌బ్యాక్ వేరే థ్రెడ్‌లో వస్తుంది, అక్కడ లువాను ముట్టుకోనే కూడదు.

8. కొలవడం

ముందు వీసింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు) ఆపండి. ఆపకపోతే ఫ్రేమ్ చూపించే ఫంక్షనే సమయమంతా తింటున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది మానిటర్ కోసం ఎదురుచూస్తోంది. లినక్స్‌లో పర్ఫ్ ప్రొఫైలర్ పెట్టి చూస్తే, మామూలు లువాలో ‘లువాడీ_ప్రీకాల్’ పైవరసలో ఉంటే ఇంకా కాల్స్ ఎక్కువగా ఉన్నాయని అర్థం. ‘లువావీ_ఎగ్జిక్యూట్’ పైన ఉంటే పని స్క్రిప్టులోనే ఉంది, బైండింగ్‌ను తప్పుపట్టి లాభం లేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు పైకి వచ్చిందంటే బైండింగ్ వైపు ఇక పిండుకునేదేమీ లేదు. లువాజిట్‌కు ‘-జేపీ’ ప్రొఫైలర్ ఉంది.

‘కలెక్ట్‌గార్బేజ్’కు ‘కౌంట్’ ఇచ్చి ప్రతి ఫ్రేము చివరా కిలోబైట్లు చూడండి. ఏమీ కొత్తగా పుట్టని దృశ్యంలో ఆ అంకె ఫ్రేము ఫ్రేముకూ పెరుగుతూ పోతుంటే లూప్‌లో ఎక్కడో టేబుల్, క్లోజర్ లేదా స్ట్రింగు తయారవుతోంది. స్కోరును ప్రతి ఫ్రేములోనూ స్ట్రింగుగా అతికించడం తరచు దొరికే దొంగ. స్కోరు మారినప్పుడే చేయండి.

మెమరీ తప్పులకు మాడ్యూల్‌ను అడ్రస్ శానిటైజర్‌తో (ఆసాన్) కంపైల్ చేయవచ్చు. లువా ప్రోగ్రాం దానితో కంపైల్ కాలేదు కాబట్టి, నడిపేటప్పుడు ఆసాన్ లైబ్రరీని ఎల్‌డీ_ప్రీలోడ్‌తో ముందే ఎక్కించాలి. స్క్రిప్టు నుంచి ఎఫ్‌ఎఫ్‌ఐ చేసే రాతలను మాత్రం శానిటైజర్ చూడలేదు. వాటికి డీబగ్ దశలో అరేను హద్దులు చూసే చిన్న లువా ఫంక్షన్ వెనక దాచి, విడుదల బిల్డ్‌లో ఆ పొర తీసేయండి.